ఉస్తాద్ దాటిపోయిన ఏడు మీటర్లు

బస్సు ఆపడం నేర్పడం నా ఉద్యోగం. నడపడం వచ్చినవాళ్లే మా దగ్గరకు వచ్చేవారు కాబట్టి ఆ పని మాకు తక్కువ. కరీంనగర్ ఊరి బయట, చుట్టూ గోడ కట్టిన పెద్ద ఖాళీ జాగాలో మా డ్రైవర్ల శిక్షణ బడి ఉండేది. పదకొండేళ్లు ఆదిలాబాద్ వైపు బస్సు నడిపాక నా మోకాలు మొండికేసింది. తీసుకొచ్చి నన్ను అక్కడ కూర్చోబెట్టారు. రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాను. చొక్కా జేబులోంచి ఎప్పుడూ ఒక అడుగు స్కేలు సగం బయటికి కనబడుతుండేది. అందుకని అందరూ నన్ను స్కేలు సారు అనేవారు.

ఆ స్కేలు ఎందుకో చెబుతాను. మీలో బండి నడిపేవాళ్లు ఒకసారి ఇంట్లో చేసి చూడండి. ఎవరినైనా స్కేలును నిలువుగా పట్టుకోమని, దాని కింది కొస దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచండి. చెప్పకుండా వదిలెయ్యమనండి. మీరు ఎక్కడ పట్టుకోగలిగారో చూడండి. చాలామందికి పదిహేనుకూ ఇరవైకీ మధ్య చిక్కుతుంది. ఇరవై సెంటీమీటర్లంటే సెకనులో అయిదో వంతు. అది వేళ్ల సంగతి. రోడ్డు మీద అయితే కన్ను చూడాలి, చూసింది ఏమిటో బుర్రకు తెలియాలి, కాలు లేచి బ్రేకు మీదకు పోవాలి. అంతా అయ్యేసరికి ముప్పావు సెకను, ఒక్కోసారి పూర్తి సెకను. అరవై స్పీడులో ఉన్న బస్సు ఆ ఒక్క సెకనులో పదహారు, పదిహేడు మీటర్లు పోతుంది. ఇంకా బ్రేకు పడనే లేదు. పడ్డాక ఆగడానికి పట్టే దూరం వేరే. స్పీడు రెండింతలైతే ఆ దూరం నాలుగింతలు.

ఇంతే నా పాఠం. ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. ఈ పాఠంలో సగమే ఉందని నాకు చూపించిన మనిషి ఒకాయన ఉన్నాడు. నాకు బస్సు నేర్పింది కూడా ఆయనే. పేరు చెప్పను. డిపోలో అందరూ ఉస్తాద్ అనేవారు. నేనూ అంతే.

నాది హుజూరాబాద్ దగ్గర పల్లె. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆదిలాబాద్ జిల్లాలో ఒక డిపోకు వేశారు. అడవి, గుట్టలు, కెరమెరి ఘాటు మలుపులు. అంతవరకు నేను చూసిన రోడ్లన్నీ చదునుగా ఉండేవి. మొదటి నెల నా పక్కన ఉస్తాద్‌ను కూర్చోబెట్టారు. పొట్టి మనిషి. సీటు మీద మెత్త వేసుకుంటే తప్ప ఆయనకు రోడ్డు కనబడేది కాదు. ఊరు బెల్లంపల్లి. వాళ్ల నాన్న బొగ్గు బావిలో పనిచేశాడు. "బాపు భూమి కింద తిరిగిండు, నేను పైన తిరుగుత" అని నవ్వేవాడు.

రెండో రోజో మూడో రోజో, ఒక ఊరు దాటుతుంటే, "కాలు తియ్యి" అన్నాడు.

రోడ్డు ఖాళీగా ఉంది. ఎడమ పక్కన ఒక ఆవు నిలబడి ఉంది, అంతే. ఎందుకో తెలియకుండానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. బస్సు నెమ్మదించింది. కుడివైపు గడ్డివాము చాటునుంచి ఒక దూడ ఎగురుకుంటూ వచ్చి రోడ్డు దాటి ఆవు దగ్గరకు పోయింది.

"ఎట్ల తెల్సింది ఉస్తాద్?"

"ఆవు రోడ్డు అవతలికి సూస్తుంది గద. దాని పానం అవతల ఉన్నట్టే."

అది నా మొదటి పాఠం. ఆయన బ్రేకు తొక్కగా నేను చాలా తక్కువసార్లు చూశాను. బస్సు ఆగేది, కానీ ఆగిన కుదుపు తెలిసేది కాదు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉండేవారు.

తర్వాత నేను కరీంనగర్ వచ్చేశాను. ఏడాదికోసారి, వయసు పైబడిన డ్రైవర్లను మా బడికి పరీక్షకు పంపేవారు. అట్లా ఒకసారి ఉస్తాద్ నా ముందు వచ్చి కూర్చున్నాడు. అప్పటికి ఆయనకు రిటైర్మెంటు రెండేళ్ల దూరంలో ఉంది. తల ముగ్గుబుట్ట అయిపోయింది. నన్ను చూసి సంబరపడిపోయాడు.

"ఏం సారూ, మనకే పరీక్షనా?" అన్నాడు.

స్కేలు వదిలాను. ఆయన వేళ్లు మూసుకునేసరికి స్కేలు కింద పడింది. రెండోసారి కూడా పడింది. మూడోసారి కొస మీది అంకె దగ్గర వేళ్లకు తగిలి జారిపోయింది.

"స్కేలు జారేటి చీజే గద తమ్మీ. బస్సు జారదు, పా" అని లేచాడు.

మైదానంలో పరీక్ష ఇట్లా ఉండేది. నేల మీద సున్నంతో మూడు అడ్డగీతలు గీసేవాళ్లం. డ్రైవరు నలభై స్పీడులో రావాలి. పక్కన మా అటెండరు ఎర్రజెండా ఎత్తి పట్టుకొని నిలబడేవాడు. ముందు చక్రం మూడింటిలో ఏదో ఒక గీత తొక్కగానే జెండా దించేవాడు. ఏ గీతో డ్రైవరుకు తెలియదు. జెండా దిగగానే ఆపాలి. గీత దగ్గర్నుంచి ఎంత దూరంలో ఆగిందో టేపుతో కొలిచేవాళ్లం. మంచి డ్రైవరుకు ఇరవై మీటర్లు పట్టేది.

ఉస్తాద్ పద్దెనిమిదిలో ఆపాడు. మూడుసార్లూ అంతే. అదే రోజు వచ్చిన పాతికేళ్లవాళ్ల కంటే తక్కువ.

టేపు చుడుతూ నాకు ఒక అనుమానం వచ్చింది. దాచను. జెండా దిగకముందే బస్సు ముక్కు కొంచెం కిందికి వంగినట్టు అనిపించింది. మళ్లీ ఒకసారి చేయించి, జెండాను కాకుండా చక్రాన్నే చూస్తూ నిలబడి ఉంటే తేలిపోయేది. కానీ ఆయన అప్పటికే బస్సు దిగి, "ఛాయ్ తాగుదాం పా" అని నా భుజం మీద చెయ్యేశాడు. ఎన్నో ఏళ్ల తర్వాత పడిన చెయ్యి. ఫారం మీద 'ఫిట్' అని రాసి సంతకం పెట్టాను.

పరీక్ష జరిగిన చలికాలం గడిచిపోయింది. మరుసటి చలికాలంలో, పత్తి తీసే రోజుల్లో, ఆసిఫాబాద్ దాటాక ఒక మలుపు దగ్గర ఉస్తాద్ బస్సు ఒక ట్రాక్టరును గుద్దింది. పొద్దున మొదటి ట్రిప్పు. మంచు దట్టంగా ఉంది. పత్తి నింపిన ట్రాలీ టైరు పంక్చరై రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. వెనక దీపం లేదు. ట్రాలీలో మనుషులు లేరు, అదృష్టం. గట్టిగా కూడా తగల్లేదు. పత్తి బస్తాలు పగిలి దూది అద్దమంతా తెల్లగా కప్పేసిందట. ప్రయాణికులకు చిన్న దెబ్బలే. కానీ టికెట్లు ఇస్తూ నడవాలో నిలబడ్డ కండక్టరమ్మ ఎగిరి ఇంజన్ డబ్బా మీద పడింది. కుడి భుజం విరిగింది.

నేను ఆమెను చూడడానికి ఆస్పత్రికి పోయాను. అప్పటికి మాకు పెద్ద పరిచయం లేదు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. చెయ్యి మెడకు కట్టి ఉంది.

"నొప్పి ఎట్లుంది చెల్లే?" అన్నాను.

"నొప్పి తక్కువయింది సారూ. తప్పు నాదే. రాడ్డు పట్టుకోలే."

"పట్టుకోవాలె గద."

"వేరేటోళ్ల బండిల పట్టుకుంట. ఆయన బండిల ఆరేండ్లు చేసిన. ఎన్నడు రాడ్డు పట్టే పని వడలే."

తెచ్చిన పండ్లు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆ భుజం మీద నా సంతకం ఉందని ఆమెకు తెలియదు.

వారం తర్వాత, పొద్దున్నే, ఉస్తాద్ మా బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరూ పంపలేదు. తనంతట తనే బెల్లంపల్లి నుంచి బస్సెక్కి వచ్చాడు. విచారణ అయ్యే దాకా డ్యూటీ లేదు. దీపం లేని ట్రాలీ, మంచు, మలుపు, అన్నీ ఆయన పక్షానే ఉన్నాయి. నేను అదే అన్నాను.

"పరేషాన్ గాకు ఉస్తాద్. తప్పు ట్రాక్టరుదేనని అందరూ అంటుండ్రు."

"కాగితం గూడ గట్లనే రాసిండ్రు. సంతకం పెట్టుమన్నరు. నేను పెట్టలే."

"ఎందుకు?"

ఆయన నా బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు తన కుడి మోకాలి మీద చెయ్యి పెట్టుకొని దాన్నే చూశాడు.

"ట్రాక్టరు నాకు కనవడ్డది తమ్మీ. కనవడలేదని అందరు అనుకుంటుండ్రు. కనవడ్డది. కాలుకు జెప్పిన. కాలు ఇనలే. ఇన్నది గానీ, లేటుగ ఇన్నది."

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"పోయినేడు స్కేలు మూడుసార్లు జారింది. నువ్వు జూసినవ్. ఎందుకు రాయలే?"

"మైదానంల మంచిగనే ఆగినవ్ గద."

"మైదానంల నేను జెండను సూడలే. మీ అటెండరును సూసిన. జెండ దించే ముందు ఆయన తల వంచి చక్రం దిక్కు సూస్తడు. ఆయన తల వంచంగనే నేను కాలు లేపిన." నా వైపు తిరిగి అన్నాడు: "మోసం జేద్దామని గాదు. నాకు గదే అలవాటు. మనిషిని సూసుడే. రోడ్డు మీద గూడ గట్లనే ఇన్నేండ్లు ఎల్లదీసిన. మంచుల మనుషులు కనవడరు. సూసేటందుకు ఏముండది. గప్పుడు కాలే దిక్కు."

నా ఉద్యోగంలో నేను చదివిన పుస్తకాలన్నీ కలిపినా నాకు అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఆయన అన్న మాట వినడం అంత తేలిక కాలేదు.

"నువ్వు నన్ను ఇజ్జత్‌గ సూసినవ్, మంచిదే. గానీ నిన్ను గీ కుర్సీల కూసోబెట్టింది నన్ను ఇజ్జత్‌గ సూడనీకి గాదు. గా పిల్ల భుజం ఇరిగింది."

జేబులోంచి స్కేలు తీసి బల్ల మీద పెట్టాను.

"మళ్ల పెట్టు పరీక్ష. జెండ వద్దు. మనిషి లేకుంట పెట్టు."

మధ్యాహ్నం దాకా దాని ఏర్పాట్లలోనే గడిచింది. మా మెకానిక్ డ్రైవరు ముందు ఒక ఎర్ర బల్బు బిగించి, దానికి పొడుగాటి తీగ కట్టి, స్విచ్చును వెనక తలుపు దాకా లాగాడు. నేను తలుపు దగ్గర కూర్చొని కిందికి చూస్తూ, తలుపు ఏదో ఒక సున్నం గీత మీదకు రాగానే స్విచ్చు నొక్కాలి. బల్బు వెలగగానే ఆయన ఆపాలి. ఉస్తాద్ లోపలి అద్దాన్ని కూడా పైకి తిప్పేశాడు, నా ముఖం కనబడకుండా.

మధ్యాహ్నం మూడు దాటింది. బస్సు కదిలింది. నలభై అందుకుంది. మొదటి గీత వదిలేశాను. రెండో గీత దగ్గర నొక్కాను.

ఆ తర్వాతి క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. బల్బు వెలిగింది, బస్సు అదే వేగంతో, అదే చప్పుడుతో పోతూనే ఉంది. సెకను, సెకనున్నర అంటే రాసుకోవడానికి చిన్న అంకెలు. ఆ బస్సులో కూర్చున్నవాడికి అది చాలా పొడుగు. లోపల నేనే 'ఆపు, ఆపు' అనుకుంటున్నాను. అప్పుడు పడింది బ్రేకు.

మూడుసార్లు చేశాం. ప్రతిసారీ ఇరవై ఏడుకు అటూ ఇటూ. ఆగాల్సిన చోటు కంటే ఏడు మీటర్లు ఎక్కువ. బ్రేకులు అవే, టైర్లు అవే, నేల అదే. ఆ ఏడు మీటర్లూ ఆయన కాలిలోనే ఉన్నాయి.

ఉస్తాద్ దిగి వచ్చాడు. ఇరవై మీటర్ల దగ్గర నన్ను ఒక గీత గీయమన్నాడు. గీశాను. అక్కడి నుంచి బస్సు ఆగిన చోటు దాకా నడిచాడు. పది అడుగులు పట్టింది. చివర నిలబడి వెనక్కి తిరిగి చూశాడు.

"గీ జాగల ఎంతమంది నిలవడ్తరు తమ్మీ?"

మెకానిక్, అటెండరు, నేను, ముగ్గురం అక్కడే ఉన్నాం.

"రాయి" అన్నాడు.

అక్కడే బస్సు మెట్టు మీద కూర్చొని ఫారం నింపాను. నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన మనిషి పేరు పక్కన 'అన్‌ఫిట్' అని రాశాను. ఆయన నా భుజం మీంచి తొంగిచూసి, "తారీఖు ఎయ్యి, మర్సిపోయినవ్" అన్నాడు.

స్టీరింగ్ తీసేసినవాళ్లను మామూలుగా డిపోలో ఏదో ఒక మూల కూర్చోబెడతారు. గేటు దగ్గర బండి నంబర్లు రాసుకోవడమో, బస్టాండులో మైకు పట్టుకోవడమో. నేను మా పెద్దసారు గదిలోకి పోయి, ఉస్తాద్‌ను మా బడికి ఇప్పించమని అడిగాను. ఉద్యోగంలో నేను గొంతు పెంచి అడిగింది ఆ ఒక్కసారే. ఆయన ఒప్పుకున్నాడు. ఉస్తాద్‌కు మిగిలిన ఏడాది నా పక్కనే గడిచింది.

నా జీవితంలో ఏ ఏడాదైనా మళ్లీ ఇస్తామంటే నేను ఆ ఏడాదినే అడుగుతాను.

పొద్దున గంట నేను బోర్డు మీద లెక్కలు చెప్పేవాడిని. ఆ తర్వాత ఆయన కొత్త డ్రైవర్లను తీసుకొని రోడ్డు మీదకు పోయేవాడు. బస్సులో కాదు, కాలినడకన. కరీంనగర్ బస్టాండు ఎదుట డివైడరు పక్కన అందరినీ వరసగా నిలబెట్టి అడిగేవాడు.

"గా ఆకుపచ్చ చీరామె దాటుతదా, ఆగుతదా?"

"ఆగుతది ఉస్తాద్. ఫోన్ మాట్లాడుతుంది."

"ఫోను గాదు, కాలి చెప్పు సూడు. మడమ లేపింది. దాటుతది."

ఆమె దాటేది.

ఆగిన ఆటో ముందు చక్రం ఎటు తిరిగి ఉందో చూడమనేవాడు. మేకల మందలో ఒకటి దాటితే మిగతావీ దాటినట్టే లెక్కపెట్టుకోమనేవాడు. బడి విడిచిన పిల్లల్లో ముందు పరిగెత్తేవాణ్ని కాదు, వెనక మిగిలిపోయినవాణ్ని చూడమనేవాడు. అనుమానం వస్తే చాలు, బ్రేకు తొక్కనక్కర్లేదు, కాలు తీసి బ్రేకు మీద ఊరికే పెట్టి ఉంచమనేవాడు. నేను ఆ మాటను బోర్డు మీద లెక్క కట్టి చూపించేవాడిని. నలభై నుంచి ముప్పైకి తగ్గితే, బ్రేకు పడ్డాక పోయే దూరం దాదాపు సగమవుతుంది. కాలు ముందే బ్రేకు మీద ఉంటే ఇంకో నాలుగయిదు మీటర్లు మిగులుతాయి.

"నీ లెక్క ఆపత్తి వచ్చినంక షురువైతది. నాది గంతకు ముందే షురువైతది" అని నన్ను ఆటపట్టించేవాడు.

"మంచు వడితే?" అని నేను అనేవాడిని.

"మంచు వడితే ఇద్దరం ఇంట్ల పండుకుందాం" అని నవ్వేవాడు. ఆ నవ్వు పూర్తయ్యేలోపే ముఖం మారిపోయేది. కండక్టరమ్మ భుజం అతుక్కుంది కానీ చెయ్యి తల పైదాకా లేవలేదు. ఆమెను బస్టాండులో టికెట్ల కౌంటరులో వేశారు. ఊరికి పోయిన ప్రతిసారీ ఉస్తాద్ ఆ కౌంటరు దగ్గర దిగి, సీతాఫలాల కాలంలో సీతాఫలాలు, లేనప్పుడు ఇంత పల్లిపట్టీ ఇచ్చి పోయేవాడు. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదని ఆమె నాకు తర్వాత చెప్పింది. పరీక్ష సంగతి, నా సంతకం సంగతి ఆ రోజే ఆమెకు చెప్పాను. ఆమె, "ఆయన ఎప్పుడో చెప్పిండు సారూ. మీరు ఎప్పుడు చెప్తరా అని సూస్తున్న" అంది.

మధ్యాహ్నం ఇద్దరం షెడ్డు నీడలో తినేవాళ్లం. ఆయన డబ్బాలో జొన్నరొట్టె, నా డబ్బాలో అన్నం, పచ్చిపులుసు. అటూ ఇటూ మారేవి. ఒకరోజు బస్సును కడగడానికి నల్లా దగ్గరకు తీసుకుపోవాలి. డ్రైవరు లేడు. యాభై అడుగుల దూరం. ఉస్తాద్‌నే తీయమన్నాను. తాళంచెవి వంక చూశాడు కానీ చెయ్యి చాపలేదు.

"రాసినవ్ గద" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. నేనే లేచి తీశాను.

ఆయన రిటైరైన రోజు దండలు వేశాం, ఫొటో దిగాం. ఆ తర్వాత రోజు షెడ్డు నీడలో ఒక్కడినే డబ్బా విప్పుకున్నాను. తినబుద్ధి కాక మూత పెట్టేశాను.

నేను రిటైరయ్యాక ఒకసారి బెల్లంపల్లి పోయాను. బావులు మూతపడి, క్వార్టర్లు సగం ఖాళీ అయి, ఊరు పలచబడింది. ఉస్తాద్ బస్టాండు ఎదుట ఛాయ్ కొట్టు బల్ల మీద కూర్చొని ఉన్నాడు. పొద్దంతా అక్కడే ఉంటాడని కొట్టాయన చెప్పాడు. నా కోసం పక్కకు జరిగాడు. ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చున్నాం. వీడు దాటుతడు, గామె ఆగుతది, గీ బండోడు హారన్ కొడతడు గానీ ఆపడు. ఆయన అంటూనే ఉన్నాడు, అట్లాగే జరుగుతూనే ఉంది. నేను ఒకటి రెండు చెప్పాను. ఒకటి తప్పింది. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టి నవ్వాడు.

ఇంతలో కరీంనగర్ బస్సు వచ్చింది. లేచాను.

"కూసో జర. గంటకు ఇంకోటి ఉంది" అన్నాడు.

"మళ్ల వస్త ఉస్తాద్" అన్నాను.

కిటికీలోంచి చూస్తే ఆయన నన్ను చూడడం లేదు. మా బస్సు ముందు రోడ్డు దాటబోతున్న ఒక ముసలమ్మను చూస్తున్నాడు. ఆమె దాటేదాకా చూసి, ఆ తర్వాతే నా వైపు చెయ్యి ఊపాడు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. నాకు కబురు అందేసరికి అంతా అయిపోయింది.

ఇన్నేళ్లు సెకను సెకనుకూ లెక్క చెప్పి బతికినవాణ్ని. బెల్లంపల్లి నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం ఇంటి దగ్గర నాకు ఏ పనీ లేదు. ఆ బల్ల మీద ఇంకో గంటసేపు కూర్చొని ఉండవలసింది.